లక్స్ మీటరు చూపేది, మొక్కకు అందేది

కణజాల వర్ధన ప్రయోగశాలలలో ఫ్లోరసెంట్ గొట్టపు దీపాల స్థానంలో ఎరుపు, నీలం ఎల్.ఇ.డి. దీపాలు అమర్చినపుడు, పాత అలవాటు ప్రకారం లక్స్ మీటరుతోనే కాంతిని సరిచూడడం పొరపాటుకు దారితీస్తుంది.

ఒక చదరపు మీటరు ఉపరితలంపై ఒక ల్యూమెన్ కాంతి సమంగా పడినపుడు దానిని ఒక లక్స్ అంటారు. పాత గ్రంథాలలోని ఒక ఫుట్ క్యాండిల్ సుమారు 10.76 లక్స్‌లకు సమానం. అయితే ల్యూమెన్ అనునది మానవ నేత్రపు స్పందనను అనుసరించి నిర్ణయించిన ప్రమాణం. మన కంటికి 555 నానోమీటర్ల వద్ద గల ఆకుపచ్చ కాంతి అత్యంత ప్రకాశవంతంగా తోచును. 660 నానోమీటర్ల ఎరుపు వద్ద ఈ స్పందన అందులో 6 శాతం, 450 నానోమీటర్ల నీలం వద్ద 4 శాతం మాత్రమే. కిరణజన్య సంయోగక్రియకు బాగా తోడ్పడేవి ఈ రెండు కాంతులే కావడం గమనార్హం.

మొక్క 400 నుండి 700 నానోమీటర్ల మధ్య గల ఫోటాన్లను వినియోగించుకొనును. కాబట్టి సెకనుకు ఒక చదరపు మీటరుపై పడే ఫోటాన్లను మైక్రోమోల్‌లలో లెక్కించే క్వాంటం సెన్సరు ఇచ్చట తగిన సాధనం. ఈ ప్రమాణంలో ఒక మైక్రోమోల్ సూర్యకాంతిలో సుమారు 54 లక్స్‌లకు, తెల్లని ఫ్లోరసెంట్ దీపం క్రింద సుమారు 74 లక్స్‌లకు సమానం. పైన పేర్కొన్న ఎరుపు, నీలం దీపాల క్రింద అది 7 లక్స్‌లకు మించి ఎంతో ఉండదు.

దీని పర్యవసానం చిన్నది కాదు. ఫ్లోరసెంట్ దీపాల క్రింద 3000 లక్స్‌లు అనగా సుమారు 40 మైక్రోమోల్‌లు. అదే 3000 లక్స్‌లు చూపేవరకు ఎల్.ఇ.డి. కాంతిని పెంచినచో, సీసాలలోని లేత మొక్కలపై 400 మైక్రోమోల్‌లు పడును. మొక్కలు పాలిపోయినపుడు దోషాన్ని పోషక మాధ్యమంలో వెదకడం పరిపాటి. దీపం వైపు దృష్టి పోదు.

సాధనం ఏదైనను సెన్సరును మొక్కల ఎత్తులో, సమతలంగా ఉంచవలెను. సెన్సరుకు నిటారుగా పైనుండి పడే కిరణాలతో పోల్చినచో, 60 డిగ్రీలు వాలుగా వచ్చు కిరణాల వలన రీడింగు సగమగును. షేడ్‌నెట్‌లో నీడ శాతం లెక్కించునపుడు లోపలి, వెలుపలి కొలతలను ఒకే సమయంలో తీసికొనవలెను. మేఘం అడ్డువచ్చు వ్యవధిలోనే లెక్క తారుమారగును. కొలిచేవారి నీడ సెన్సరుపై పడుట కూడ తరచుగా జరిగే పొరపాటే.

లక్స్ మీటరు మాత్రమే ఉన్నచోట, ఫలితాలతో పాటు దీపపు రకాన్ని తప్పక నమోదు చేయవలెను. అది లేనిదే ఆ అంకెను మరియొకరు మైక్రోమోల్‌లలోకి మార్చుకొనలేరు.