పంటి వైద్యానికీ ముహూర్తం ఉంది!

రాత్రి పదకొండు గంటలు. ఇల్లంతా నిద్రపోయింది. ఆ ఒక్కరికి మాత్రం కునుకు పట్టదు. దౌడ పన్ను సలుపు చెవిదాకా, కణతదాకా పాకుతోంది. లవంగం పెట్టినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా ఫలితం లేదు. తెల్లారగానే మందుల షాపుకెళ్లి 'పంటి నొప్పి మాత్ర' అని అడిగితే నాలుగు బిళ్లలు చేతిలో పడతాయి. నొప్పి తగ్గుతుంది. వారానికి మళ్లీ వస్తుంది. మళ్లీ నాలుగు బిళ్లలు!

ఏ ఊళ్లోనైనా జరిగేదే ఇది. కానీ ఆ ఊరు కవిటో, కంచిలో, వజ్రపుకొత్తూరో అయితే మాత్రం... ఆ నాలుగు బిళ్లల గురించి నాలుగుసార్లు ఆలోచించాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస తోటలు. దానితోపాటే గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా దానికి కచ్చితమైన కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకు కారణం తెలియకపోయినా ఒక్క సంగతి మాత్రం వైద్యులందరూ చెప్పేదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. అందుకే ఇక్కడ పుచ్చుపన్ను పంటితో పోయే వ్యవహారం కాదు.

నొప్పి పోయింది... జబ్బు పోలేదు!

పుచ్చు పంటి లోపలి నరం దాకా చేరితే మాత్రలతో నయం కాదు. యాంటీబయాటిక్‌తోనూ కాదు. ఒక్కోసారి నొప్పి దానంతటదే ఆగిపోతుంది. 'హమ్మయ్య' అనుకుంటాం. నిజానికి అప్పటికి నరం చచ్చిపోయి ఉంటుంది. చీము వేరు కిందికి దిగుతుంది. అప్పుడు మిగిలేవి రెండే దారులు. పన్ను తీయించుకోవడం, లేదా రూట్ కెనాల్ చేయించుకోవడం. పన్ను గట్టిగా ఉంటే రెండోదే మేలు. లోపలి చెడిన నరాన్ని తీసి, కాలువల్ని శుభ్రం చేసి, మూసేస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి భయపడాల్సిందేమీ ఉండదు.

డయాలసిస్ మర్నాడే మేలు

కిడ్నీ జబ్బున్నవారు పంటి డాక్టరు దగ్గర మొదట చెప్పాల్సింది పంటి సంగతి కాదు, కిడ్నీ సంగతి. క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ వైపే మొగ్గుతారు. అది కూడా ఎంత మోతాదన్నది డాక్టరే చెప్పాలి.

సోంపేట, పలాస, టెక్కలి కేంద్రాల్లో డయాలసిస్ చేయించుకునేవారికి రోజు ఎంపిక మరీ ముఖ్యం. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆ పూట పంటిని కదిపితే రక్తం ఆగడం ఆలస్యమవుతుంది. మనిషి నీరసంగా కూడా ఉంటాడు. మర్నాటికి మందు ప్రభావం పోతుంది, ఒంట్లో నీరు కూడా సమంగా ఉంటుంది. అందుకే డయాలసిస్ మర్నాడే పంటి వైద్యానికి మంచిరోజు. బీపీ చూసేటప్పుడు ఫిస్టులా ఉన్న చేతికి పట్టీ చుట్టనివ్వకూడదు. కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్నవారైతే నోట్లోని చీమును ముందే వదిలించుకోవాలి. ఆపరేషన్ తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి కదా మరి!

షుగరున్నవారు టిఫిను తిని, మందు వేసుకుని ఉదయం పూట వెళ్లడం మంచిది.

సెలవు లెక్క తప్పితే...

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాదుకో, చెన్నైకో పనికి వెళ్లినవాళ్లు సంక్రాంతికి ఇంటికొస్తారు. గుజరాత్‌లోని వీరావల్‌కు వేటకెళ్లిన మత్స్యకారులైతే నెలల తరబడి అక్కడే. ఊళ్లో ఉన్న నాలుగు రోజుల్లో రూట్ కెనాల్ మొదలుపెట్టి, నొప్పి తగ్గగానే రైలెక్కేస్తారు. అక్కడే వస్తుంది చిక్కు.

చీము లేకపోతే రూట్ కెనాల్ ఒక్క రోజులోనూ పూర్తికావచ్చు. చీముంటే లోపల మందు పెట్టి, వారం తేడాతో రెండు మూడు సార్లు రమ్మంటారు. ఆ తర్వాత పన్ను అరగదీసి, కొలత తీసి ల్యాబుకు పంపితే తొడుగు రావడానికి మరో వారం. అంటే మొత్తమ్మీద రెండు మూడు వారాలు చేతిలో ఉండాలి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు నెలల తరబడి నిలవదు. అది ఊడితే సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి చేరతాయి. చేసిన వైద్యమంతా వృథా!

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ఓ లెక్క తేల్చారు. రూట్ కెనాల్ తర్వాత తొడుగు వేయించని పళ్లు, వేయించిన పళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువగా పోతున్నాయట.

'ఏ రాయైతేనేం' అనుకోవద్దు

'ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి' అని సామెత. తొడుగు విషయంలో మాత్రం ఏదైతేనేం అనుకుంటే కుదరదు.

లోహపు తొడుగు: ధర తక్కువ. గట్టిది. పంటిని ఎక్కువగా అరగదీయక్కర్లేదు. రంగే ఇబ్బంది. నవ్వితే కనిపించని వెనక దౌడకు ఇది చక్కగా సరిపోతుంది. నికెల్ పడనివారు ముందే చెప్పాలి.

లోహంపై పింగాణీ: పంటి రంగులో ఉంటుంది. ధర మధ్యస్తం. గట్టివి కొరికితే పింగాణీ పెచ్చు లేవొచ్చు. కొన్నేళ్లకు చిగురు అంచున నల్లటి గీత కనిపించవచ్చు.

జిర్కోనియా: తెల్లగా, గట్టిగా ఉంటుంది. లోహం రంగు కనిపించదు. ముందు పళ్లకూ వెనక పళ్లకూ పనికొస్తుంది. ధర ఎక్కువ.

పింగాణీలోనే మెరుగైన లిథియం డైసిలికేట్ తొడుగు: ముందు పళ్లకు అందంగా అమరుతుంది.

డబ్బు సరిపోలేదని తొడుగే మానేయడం కంటే లోహపు తొడుగు వేయించుకోవడం వెయ్యి రెట్లు నయం. రూట్ కెనాల్ ఖర్చు, తొడుగు ఖర్చు విడివిడిగా మొదటిరోజే అడగాలి. గ్యారంటీ కార్డు ఉంటే దాచుకోవాలి. తొడుగు పెట్టాక పళ్లు కలిపి కొరికి చూడాలి. ఎత్తుగా తగిలితే అక్కడే చెప్పాలి. 'అదే సర్దుకుంటుందిలే' అనుకోకూడదు.

అమ్మమ్మలకు మరో మాట

సిక్కోలు పల్లెల్లో కొందరు పెద్దావిడలకు అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగుళ్లను పరీక్షించి జెన్స్ పిండ్‌బోర్గ్ బృందం 1971లోనే ఈ అలవాటుపై పరిశోధన వెలువరించింది. అంగుట్లో క్యాన్సర్‌కు ఇది దారితీస్తుంది. పంటి కోసం కుర్చీలో కూర్చున్నప్పుడే అంగుడు కూడా చూడమని అడిగితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

అసలు ఇంతదాకా రాకుండా ఉండాలంటే... చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమన్న రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్న సిమెంటుతో పోయేదానికి రూట్ కెనాల్ దాకా ఎందుకు? అర్ధరాత్రి సలుపు ఎందుకు? ఆ నాలుగు బిళ్లలు అంతకన్నా ఎందుకు!