మాట చేరవలె, నెంబరు చేరరాదు

భర్తల హింసకు తాళలేక ఇల్లు విడిచివచ్చిన స్త్రీలకు ఆశ్రయమిచ్చు గృహమొకటి న్యూజెర్సీలో కలదు. ఎచ్చట నున్నదో ఎవరికిని చెప్పనని మాట ఇచ్చిన పిమ్మటనే నన్ను లోనికి రానిచ్చిరి. క్రొత్తగా అమర్చిన టెలిఫోను వ్యవస్థను ఆ సాయంకాలము ఒక తెలుగు సోదరి పరీక్షించుచుండెను. గదిగదికిని పోయి, అచ్చటి ఫోను నెత్తి, తన సెల్‌ఫోనునకే పిలుపు నంపి, తెరపై నేమి కనబడెనో కాగితముపై వ్రాసికొనుచుండెను. ఆరు ఫోనులకు ‘ప్రైవేట్’ అను మాటయే వచ్చెను. ఏడవది, వంటయింటి గోడకు తగిలించినది, పది అంకెలను పూర్తిగా బయటపెట్టెను.

"చూశారా అక్కయ్యగారూ! ఎవరైనా అమ్మాయి గరిటె పక్కన పెట్టి, పిల్లాడి గొంతు విందామని ఇంటికి ఫోన్ చేస్తే చాలు. ఆ నెంబరు పట్టుకుని ఆయన రేపు గుమ్మంలో ఉంటాడు" అని ఆమె కుర్చీలో కూలబడెను.

ఆమె భయము అకారణము కాదు. నెంబరునుబట్టి చిరునామా చూపు డైరెక్టరీలు అమెరికాలో చిరకాలమునుండియు నున్నవి. అదియునుగాక, నెంబరుతోపాటు పదునైదు అక్షరములకు మించని పేరొకటి తెరపై కనబడు ఏర్పాటున్నది. ఆశ్రయగృహము పేరే అచ్చట మెరసిన పక్షమున చిరునామాతో పనియేమి?

పిలుచువారి నెంబరు ఎదుటివారికి కనబడు ఈ సదుపాయమును 1987లో ఈ రాష్ట్రముననే, హడ్సన్ కౌంటీలో, ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. అల్లరి పిలుపుల పీడ విరగడయగునని గృహస్థులు సంతసించుచుండగా, ఆశ్రయగృహములను నడుపువారును, రాత్రివేళ ఇంటినుండి రోగులను పలుకరించు వైద్యులును దేశమంతటను ఆందోళన చెందిరి. పెన్సిల్వేనియాలో వివాదము న్యాయస్థానమున కెక్కెను; రహస్యశ్రవణమును నిషేధించు చట్టమునకు ఈ సదుపాయము విరుద్ధమని 1990లో వచ్చిన తీర్పును 1992లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము స్థిరపరచెను. తుదకు, రాష్ట్రములమధ్య నడచు పిలుపులలో, పిలుచువారు కోరినప్పుడు నెంబరును ఉచితముగా దాచవలెనను కేంద్ర నియమము 1995 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. స్టార్ నొక్కి 67 కొట్టవలెను. వ్రేలితో త్రిప్పు పాత ఫోనులలో స్టార్ లేదు కనుక వాటికి 1167. తలుపు తట్టినదెవరో తెలిసికొను హక్కు ఇంటివారికి కలదనుటలో నాకు సందేహము లేదు; కాని తట్టునది ప్రాణభీతితో పరుగెత్తివచ్చిన స్త్రీయైనప్పుడు ఆమె ఉనికిని కాపాడుటయే ముందని నా దృఢవిశ్వాసము.

దాచుట యనగా నెంబరును చెరిపివేయుట కాదు. నెంబరు పిలుపుతో కూడ ప్రయాణము చేయుచునే యుండును. దాని ప్రక్కన ‘చూపరాదు’ అను గురుతొకటి మాత్రము చేరును. ఇంటర్నెట్టు మార్గమున పోవు ఫోనులకు ఈ పద్ధతిని 2002లో నిర్ణయించిరి: పేరుండవలసినచోట ‘అనానిమస్’ అని యుండును, నిజమైన నెంబరు వేరొక పంక్తిలో ఒక టెలిఫోను సంస్థనుండి మరియొక సంస్థకు చేరును, కట్టకడపటి సంస్థ ఆ గురుతును మన్నించి, నెంబరును తొలగించి, ఫోనును మ్రోగించును. అనగా మన రహస్యము మన చేతిలో గాక ఆవలి సంస్థ నిజాయితీలో నున్నదన్నమాట. ఆపదకు పిలుచు 911కు నెంబరు దాగదు, దాగరాదు కూడ; ఖర్చు తామే భరించు 800 నెంబరువారికిని దాగదు. ఈ సంగతి ఆశ్రితులకు తప్పక చెప్పవలసినది.

ఇక వంటయింటి ఫోను కథ. కార్యాలయపు వ్యవస్థలలో స్టార్‌తో మొదలగు అంకెలను ఆ వ్యవస్థ తన కిచ్చిన ఆజ్ఞలుగా గ్రహించుట కద్దు; కావున బల్లమీది ఫోనునుండి స్టార్ 67 కొట్టినంతమాత్రమున అది బయటి లైనుదాక చేరునను నమ్మకము లేదు. అమర్చినవాడు ఆ గురుతును ఒక్కొక్క ఎక్స్‌టెన్షనుకు విడివిడిగా పెట్టి, తరువాత తగిలించిన ఏడవదానిని మరచెను. నెంబరు గడిని ఖాళీగా వదలినను లాభము లేదు. చాలచోట్ల టెలిఫోను సంస్థయే ఆ ఖాళీలో ప్రధాన నెంబరును నింపివేయును. ఆమె అతనిని రప్పించి, నిషేధమును బయటికి పోవు ఉమ్మడి లైనగు ట్రంకు మీదనే పెట్టించెను. రేపు ఎనిమిదవ ఫోను వచ్చినను అది కూడ ఆ ద్వారముననే పోవలెను గదా.

నెంబరు దాచుట అందరికిని తగదు. నెంబరు లేని పిలుపును ఎత్తువారు తక్కువ. అట్టివానిని మ్రోగకముందే త్రోసిపుచ్చు సదుపాయమును కొందరు పెట్టుకొందురు. వైద్యశాలవంటివారు గదుల నెంబర్లను దాచి, వాటికి మారుగా ముందుగది ప్రధాన నెంబరును చూపుట మేలు. రోగి తిరిగి పిలిచినప్పుడు పలుకువా రుందురు. ఫోనులో సరకు లమ్మువారు తమ నెంబరును చూపితీరవలెనని అమెరికాలో 2004 నుండి నియమము. మోసబుద్ధితో అబద్ధపు నెంబరును చూపుట 2010 చట్టము ప్రకారము నేరము. మన దేశమున నిబంధన మరింత కఠినము: నెంబరు దాచు సదుపాయము సామాన్యముగా ఇయ్యరాదనియు, కారణమును విచారించిన పిమ్మటనే ఇయ్యవలెననియు, కాల్ సెంటర్లకును మూకుమ్మడి కనెక్షన్లకును బొత్తిగా కూడదనియు టెలికాం లైసెన్సులలో వ్రాసిరి. మోసగాండ్ర బెడదను చూచినవారు దానిని తప్పుపట్టజాలరు. ఐనను, ఆశ్రయగృహమువంటి సంస్థ అడిగినప్పుడు ఆ విచారణ త్వరగా జరుగవలెనని నా కోరిక.

మరమ్మతు ముగిసిన నాడును నేనచ్చటనే యుంటిని. వంటయింటి ఫోను ఈమారు ‘ప్రైవేట్’ అనియే చూపెను. ఆమె కాగితముపై ఏడవ గురుతు పెట్టి గడియారమువంక చూచెను. ఎడిసన్‌లోని ఒక యువతికి, తొమ్మిదింటికి నెంబరు లేకుండ వచ్చు పిలుపు తనదేయని, భయపడక ఎత్తుమని ముందే చెప్పియుండెనట. తొమ్మిది కాగానే పిలిచెను. మొదటి మ్రోతకే ఆవల ఎవరో ఎత్తిరి గాని మాట రాలేదు.

"నేనేనమ్మా. తొందర లేదు, నెమ్మదిగా చెప్పు" అని ఆమె అనగా, నేను లేచి, తలుపు దగ్గరగా వేసి వెలుపలికి వచ్చితిని.