మెదడు జబ్బు - గుండెకు గండం

"ఆ కబురు వినేసరికి గుండె ఆగినంత పనయింది" అంటాం. మాటవరసకు అనే ఈ మాటలో వైద్యశాస్త్రం ఒప్పుకున్న నిజం చాలా ఉంది.

గుండెను పరుగెత్తించేదీ, నెమ్మదింపజేసేదీ మెదడు అధీనంలో ఉండే నరాలే. భయం, దుఃఖం కలిగినప్పుడు ఆ నరాల కొనల నుంచీ, మూత్రపిండాల మీది గ్రంథుల నుంచీ ఎడ్రినలిన్ వంటి పదార్థాలు వెలువడుతాయి. మితంగా ఉంటే అవి మనల్ని కాపాడతాయి. వరదలా ముంచెత్తితే గుండె కండరాన్నే మొద్దుబారుస్తాయి. మన పొలాల్లో ఎర్రతేలు కుట్టినవాడికి చెమటలు పట్టి, కాళ్ళూ చేతులూ చల్లబడి, ఆయాసం ముంచుకొచ్చేది ఇందువల్లనే.

మెదడులో రక్తనాళం చిట్లినా, పక్షవాతం వచ్చినా, ఫిట్స్ తెరిపి లేకుండా వచ్చినా, బయటి భయమేదీ లేకుండానే ఈ వరద పుట్టవచ్చు. ఇటువంటి రోగుల ఇ.సి.జి.లో వింత మార్పులుంటాయని 1954లోనే అమెరికా వైద్యులు రాశారు. 1990లో జపాన్ వైద్యులు ఇదే కోవకు చెందిన గుండెజబ్బుకు 'టాకోట్సుబో' అని పేరు పెట్టారు. అంటే ఆక్టోపస్‌ను పట్టే కుండ. గుండె ఎడమ జఠరిక కొన కదలిక లేక ఉబ్బి, సన్నమెడ కుండలా కనబడుతుంది. యాభై దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. చాలామందికి కొద్ది వారాల్లో గుండె మళ్ళీ కోలుకుంటుంది. అయితే తొలి రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు.

అసలు చిక్కు మరొకటుంది. ఈ ఇ.సి.జి. అచ్చం గుండెపోటు ఇ.సి.జి.లా ఉండవచ్చు. గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే మందు ఇస్తారు. మెదడులో రక్తం కారుతున్న మనిషికి అదే మందు పడితే ప్రాణమే పోవచ్చు. మరి తేడా ఎలా తెలుస్తుంది? తలకు స్కానింగు, గుండెకు ఎకో పరీక్ష అవసరమవుతాయి. వాటికి దారి చూపేది మాత్రం రోగి వెంట వచ్చినవాళ్ళ మాటే.

ఆళ్లగడ్డ నుంచో, నల్లమల అంచు పల్లెల నుంచో స్పృహ లేని రోగిని నంద్యాలకో, కర్నూలు పెద్దాసుపత్రికో తీసుకొస్తారు. వెంట వచ్చేవాళ్ళలో చదువుకున్నవాడు తరచుగా మన కాలేజీ విద్యార్థే. "గుండెనొప్పి సార్" అని ఒక్కమాటతో సరిపెట్టవద్దు. "పడిపోయే ముందు తలకాయ పగిలిపోతాందనె, వాంతి చేసుకునె, ఫిట్స్ వచ్చె" అని జరిగింది జరిగినట్టు, వరసగా చెప్పాలి. పక్షవాతం రోగికి ఆయాసం వస్తే "దిగులుతో అట్లుందిలే" అని ఊరుకోకూడదు.

మిత్రులారా! వైద్యం డాక్టర్లు చేస్తారు. జరిగింది సరిగా చెప్పడం మన వంతు.