ఏడు సీట్ల బండికి ఓఆర్ ఎంత?

రెడింగ్‌లో మా వీధికి రెండు పక్కలా కార్లు ఆపి ఉంటాయి. మధ్యలో మిగిలేది ఒక్క బండి పట్టేంత దారి. ఆ దారిలో పదేళ్లు తిరిగిన మా పాత పెట్రోలు కారు జనవరిలో ఎంఓటీ పరీక్ష తప్పింది. అడుగంతా తుప్పు పట్టింది, బాగుచేయిస్తే బండి ధరకన్నా ఎక్కువవుతుందని మెకానిక్ తేల్చేశాడు. అప్పటికే అమ్మానాన్నలు మార్చిలో నరసరావుపేట నుంచి వచ్చి అయిదు నెలలు ఉండేలా టికెట్లు తీసుకున్నారు. మేం నలుగురం, వాళ్లిద్దరు.

ఇక్కడి మనవాళ్లను ఎవరినడిగినా ఒకటే మాట. ‘కళ్లు మూసుకుని సెవెన్ సీటర్ డీజిల్ తీసుకో.’ ఉగాది వేడుక రోజు హాలు ముందు పార్కింగ్ చూస్తే ఆ మాట ఎంతమంది విన్నారో తెలిసిపోతుంది. నల్ల ఎస్‌యూవీలు బారులు తీరి ఉంటాయి. లోపల పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడగానే మొదటి ప్రశ్న పిల్లల చదువు గురించి, రెండోది ‘ఏ బండి తీసుకున్నావ్?’ అని.

నా మనసు మాత్రం గోల్ఫ్ ఆర్ మీద ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 300 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. సున్నా నుంచి 62 మైళ్ల వేగానికి అయిదు సెకన్లు కూడా పట్టదు. చూడటానికి పక్కింటివాళ్ల మామూలు గోల్ఫ్‌లాగే ఉంటుంది. నాకు నచ్చేదే అది. హోండా సివిక్ టైప్ ఆర్ కూడా చూశానుగానీ ఆ తరం బండికి వెనక రెండే సీట్లు, పైగా మాన్యువల్ గేర్లే. మా ఆవిడది ఆటోమేటిక్ లైసెన్సు, అదీ వచ్చి ఎనిమిది నెలలు.

చివరికి రెండు బండ్లు మిగిలాయి. రెండూ 2018వే, రెండూ 18 వేల పౌండ్ల చుట్టుపక్కలవే. ఒకటి గోల్ఫ్ ఆర్. రెండోది కియా సొరెంటో: 2.2 లీటర్ల డీజిల్, ఏడు సీట్లు.

డీజిల్ అంటే ఆదా అన్న లెక్క మనం ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చింది. మన దేశంలో 2014 అక్టోబరు దాకా డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది, పెట్రోలుకన్నా బాగా చవక. బ్రిటన్‌లోనూ 2001 మార్చి నుంచి రోడ్డు పన్నును కార్బన్ డయాక్సైడ్ లెక్కన వేయడంతో జనం డీజిల్ వైపు మళ్లారు. ఇప్పుడు ఆ గాలి తిరిగింది. ఇక్కడి బంకుల్లో లీటరు డీజిల్ సాధారణంగా పెట్రోలుకన్నా ఎక్కువే. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ మొత్తం యూలెజ్ పరిధిలోకి వచ్చింది. యూరో 6 ప్రమాణం లేని డీజిల్ కారు ఆ పరిధిలో తిరిగితే రోజుకు పన్నెండున్నర పౌండ్లు కట్టాలి. పెట్రోలు కారుకు యూరో 4 ఉంటే చాలు. హీత్రో కూడా అందులోదే. నేను చూసిన సొరెంటో యూరో 6 కాబట్టి ఆ బెడద లేదుగానీ, పాత డీజిల్ బండి చవగ్గా వస్తోందని సంబరపడేవాళ్లు ముందు నంబరు కొట్టి చూసుకోవాలి.

ఏప్రిల్‌లో ఒక శనివారం నాన్నను వెంటబెట్టుకుని సొరెంటో చూడటానికి వెళ్లాను. నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. డీజిల్ పొదుపు చేసినందుకు కేఎంపీఎల్ అవార్డు అందుకున్న మనిషి. ఇంజిన్ స్టార్ట్ చేయించి, బానెట్ పక్కన తలవంచి కాసేపు విన్నారు. తర్వాత వెనక తలుపు తీసి మూడో వరస సీట్లు పైకెత్తించారు.

“ఇంజిను బాగుందిరా. ఓఆర్ ఎంత వచ్చిద్ది దీనికి?”

ఆర్టీసీ భాషలో ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో. ఎన్ని సీట్లుంటే ఎన్ని నిండాయన్నది. నేను నవ్వేశాను. నాన్న నవ్వలేదు. “మేం ఆగస్టులో వెళ్లిపోతాం. తర్వాత ఎవరు కూర్చుంటారు ఇందులో?”

ఆ ప్రశ్న మా ఆవిడ చెవిన పడింది. మర్నాటి నుంచి ఫ్రిజ్ మీద ఒక కాగితం. పాత కారు ఉండి ఉంటే రోజూ ఎక్కడెక్కడికి తీసేవాళ్లమో రెండు వారాలు రాసింది. నలభై ఒక్క ప్రయాణాలు. బడి ఒక మైలు, సూపర్‌మార్కెట్ రెండు, తను పనిచేసే ఆసుపత్రి నాలుగు. పది మైళ్లు దాటినవి మూడే. నేను ఆఫీసుకు రైల్లో వెళ్తాను. అంటే నేను ఇంత తపన పడుతున్న బండిని నడిపేది ఎక్కువగా తనే.

పెద్ద డీజిల్‌కు అసలు చిక్కు ఇక్కడే. పొగలోని మసిని పట్టడానికి డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి, అందుకు పావుగంటో ఇరవై నిమిషాలో హైవే మీద ఆగకుండా పరిగెత్తాలి. మైలు దూరం వెళ్లి ఆపేసే బండిలో మసి పేరుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. మా స్నేహితుడొకరు అలాగే బడికీ ఇంటికీ తిప్పి ఫిల్టరు మార్పించుకున్నాడు. బిల్లు వెయ్యి పౌండ్లు దాటింది. నాన్నకు ఈ డీపీఎఫ్ సంగతి తెలియదు. విషయం చెప్పగానే, “డీజిల్ బండిని దూరం తోలాలిరా, ఊళ్లో తోలితే దానికి అరగదు” అన్నారు.

అయితే సొరెంటో తరఫున గట్టి సాక్షి ఒకరున్నారు. మా అమ్మ. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయింది. సొరెంటో సీటు ఆమె నడుము ఎత్తులో ఉంది, అలా వెనక్కి ఒరిగి కూర్చుంది. గోల్ఫ్ ఆర్ చూసిన రోజు ఎక్కడమైతే ఎక్కింది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూర్చుండిపోయింది. పక్కలు ఎత్తుగా ఉన్న సీటు, నేలకు దగ్గర. “బాగానే ఉంది నాయనా, నాకేం ఇబ్బంది లేదు” అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై రెండేళ్లొచ్చి అమ్మ మోకాలినీ అయిదు సెకన్లనూ తక్కెడలో పెట్టి తూస్తున్నానేమిటని సిగ్గేసింది.

ఉదయం మా ఆవిడతో సొరెంటోనే తీసుకుందామన్నాను.

“ఆ బండిని ఈ సందులో నేను తిప్పలేనండీ” అంది. వెడల్పు ఒకటీ తొంభై, అద్దాలు కాక. బరువు రెండు టన్నులకు దగ్గర. గోల్ఫ్ అయితే తిప్పగలనంది. వెంటనే ఇంకో మాట కూడా అంది: “మామూలు గోల్ఫ్ కొనొచ్చుగా?”

నిజం చెప్పాలంటే దానికి నా దగ్గర జవాబు లేదు. ఎస్‌యూవీ కొనేవాళ్లది డాబు, నాది అభిరుచి అని అన్నాళ్లూ అనుకున్నాను. రెండూ ఒకటే. వాళ్లది హాలు ముందు కనబడుతుంది, నాది కనబడదు, అంతే తేడా. కొత్త లైసెన్సున్న ఆవిడ పేరు చేర్చేసరికి గోల్ఫ్ ఆర్ ఇన్సూరెన్స్ సొరెంటో కన్నా దాదాపు రెట్టింపు చెప్పారు. ఆ తేడా నా చేతిఖర్చులోంచి కడతానని, ఏడాదిపాటు కొత్త ఫోను మాటెత్తనని ఒప్పందం కుదిరింది. గోల్ఫ్ ఆర్ ఇంటికొచ్చింది.

నష్టాలూ చెబుతాను. ఆరుగురం కలిసి వెళ్లలేం. డిక్కీ 343 లీటర్లు, రెండు పెద్ద సూట్‌కేసులకే కటకట. టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లినప్పుడు ఏడు సీట్ల బండి ఒక రోజుకు అద్దెకు తీసుకున్నాం. డీజిల్‌దే. హైవే మీద ఎంత హాయిగా సాగిందో దాచను. వారం వారం అలాంటి దూరాలు వెళ్లేవాళ్లు నా మాట వినక్కర్లేదు. ఆగస్టులో హీత్రోకు కూడా పెద్ద ట్యాక్సీనే పిలుస్తాం.

అమ్మ సంగతికి మా ఆవిడే దారి చూపింది. ఆసుపత్రిలో ఫిజియోలు చెప్పే చిట్కా. సీటును వీలైనంత వెనక్కి జరిపి, పైకెత్తి, మీద ప్లాస్టిక్ కవరు పరచాలి. ముందు వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. కవరు జారుతుంది కాబట్టి మోకాలు మెలిపడదు. దిగేటప్పుడూ అంతే. బండి కదిలే ముందు కవరు లాగేయాలి. ఇప్పుడు అమ్మ చేతిసంచిలో మడత పెట్టిన కూరగాయల కవరు ఒకటి ఎప్పుడూ ఉంటోంది.

నాన్న పెట్రోలు పోయించిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. గ్యాలనుకు 30 మైళ్లు వస్తోందని నేను గొప్పగా చెబితే కిలోమీటర్లలోకి మార్చి చూశారు. లీటరుకు పదిన్నర.

“యాభై మందిని ఎక్కించుకుని నా బస్సు అయిదిచ్చేదిరా” అని పుస్తకం మూసేశారు.