బంతి ఉండగా చెప్పు ఎందుకు?

"సార్, మా టామీకి ఆరు ఆటవస్తువులు కొన్నాం. వాటిని వదిలేసి నా చెప్పునే కొరుకుతుంది. ఎందుకంటారు?"

ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు ఈ మధ్య నన్నడిగిన ప్రశ్న ఇది. తరగతి అంతా నవ్వింది. కాని ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఆ ఆరు వస్తువులూ ఎక్కడుంటాయని అడిగాను. "వరండాలోనే సార్, రోజంతా దాని ముందే పడి ఉంటాయి" అన్నాడు. చిక్కు అక్కడే ఉంది.

మీరు ఫాను వేయగానే దాని చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ సంగతే మరచిపోతారు. చప్పుడు ఆగలేదు, మీ చెవీ చెడలేదు. లాభంగాని, హానిగాని చేయని ఉద్దీపన పదే పదే వస్తూంటే నాడీమండలం దానికి స్పందించడం తగ్గించుకుంటుంది. వానాకాలంలో నత్త కనిపిస్తే, అది పాకుతున్న పలకను పుల్లతో మెల్లగా తట్టి చూడండి. మొదట కొమ్ములు లోపలికి లాక్కుంటుంది. తడుతూనే ఉంటే కొంతసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. జీవులు నేర్చుకునే పద్ధతులలో ఇది అన్నిటికన్న సరళమైనది. దీనినే అలవాటుపడటం అంటారు.

ఆటవస్తువులకు కుక్కలు కూడా ఇలాగే అలవాటుపడతాయి. బ్రిటన్ శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 16 లాబ్రడార్ కుక్కలను పరీక్షించారు. ఒక్కొక్క కుక్కకు ఒకే వస్తువును 30 సెకండ్లపాటు ఇచ్చి, తీసి, మళ్ళీ ఇస్తూ పోయారు. కుక్క దానిని ముట్టడం మానేసేదాకా ఇలాగే చేశారు. ఆ తరువాత రంగులోనో వాసనలోనో తేడా ఉన్న మరో వస్తువు ఇచ్చారు. కుక్కలు మళ్ళీ హుషారుగా ఆడాయి. అవి అలసిపోలేదన్నమాట. వస్తువే పాతబడింది.

మరి చెప్పు పాతబడదా? చెప్పులో మీ చెమట వాసన ఉంటుంది. పైగా కుక్క చెప్పు నోట కరవగానే ఇంటిల్లిపాదీ కేకలు వేస్తూ వెంటపడతారు. మీకది కోపం, దానికది ఆట! ఒక పనివల్ల తృప్తి కలిగితే జంతువు ఆ పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుందని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పిల్లులమీద ప్రయోగాలు చేసి చూపాడు. ఇంకో పొరపాటు కూడా చాలా ఇళ్ళలో జరుగుతుంది. తెగిన చెప్పును "ఆడుకో" అని కుక్కముందు పడేస్తారు. తెగిన చెప్పుకూ, పండక్కి కొన్న చెప్పుకూ తేడా కుక్కకేం తెలుస్తుంది?

కాబట్టి రెండు వస్తువులు మాత్రం బయట ఉంచి, మిగతావి మూత ఉన్న డబ్బాలో దాచండి. మూడు నాలుగు రోజులకొకసారి మార్చండి. దానికి అన్నిటికన్న ఇష్టమైన వస్తువును మాత్రం ఎప్పుడూ బయట వదలకండి. అది మీ దగ్గరే ఉండాలి. "కూర్చో" అంటే కూర్చున్నప్పుడు, "రా" అంటే వచ్చినప్పుడు బయటికి తీసి రెండు నిమిషాలు ఆడించండి. పేలుడు పదార్థాలను వాసన పట్టే పోలీసు కుక్కలలో చాలావాటికి జీతం ఇదే. దాచిన పదార్థాన్ని కనిపెట్టగానే శిక్షకుడు జేబులోంచి బంతి తీస్తాడు. ఆ బంతి రోజంతా కుక్క గదిలోనే దొర్లుతూ ఉంటే దానికోసం ఎండలో వెతికేదెవరు?

ఇక అసలు ప్రమాదం గురించి చెప్పాలి. కుక్క నోట్లోది ఎన్నడూ బలవంతంగా లాక్కోకండి. రెండుసార్లు లాక్కుంటే మూడోసారి మీరు దగ్గరికి రాగానే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకోవచ్చు. రెండో చేతిలో మరో వస్తువో, రొట్టెముక్కో చూపి, నోట్లోది వదలగానే "వదులు" అంటూ ఇచ్చేయండి. కొన్నాళ్ళకు మాట ఒక్కటే చాలుతుంది. ఒకవేళ పన్ను గీరుకున్నా సరే, ఇంట్లో చెప్పకుండా దాచకండి. ధారగా పడే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

తాడు లాగుడు ఆటలో గెలిచిన కుక్క మనిషిని లెక్కచేయదని కొందరంటారు. 2002లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 14 గోల్డెన్ రిట్రీవర్ కుక్కలను ఇరవైసార్లు గెలవనిచ్చి, ఇరవైసార్లు ఓడించి చూశారు. గెలిచినందువల్ల అవి పెత్తనం చేయలేదు. నిర్భయంగా లాగండి. పళ్ళు చేతికి తగిలితే మాత్రం ఆట ఆపేయండి.

కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. ఏడు నెలలు వచ్చేసరికి వాటి స్థానంలో 42 పళ్ళు వస్తాయి. అప్పుడు చిగుళ్ళు సలుపుతాయి కనుక అది కొరకక మానదు. ముడివేసిన లావుపాటి నూలుతాడును తడిపి, చల్లబరచి ఇవ్వండి. పోగులు ఊడుతుంటే తీసేయండి, మింగితే పేగులకు ప్రమాదం. గొంతులోకి జారే చిన్న బంతులూ పనికిరావు.

మీ ఇంట కుక్క ఉంటే గడియారం పెట్టి, ప్రతి వస్తువుతోనూ ఎన్ని నిమిషాలు ఆడుతుందో పది రోజులు రాయండి. మా విద్యార్థి రాశాడు. రోజూ ముందున్న బంతితో మొదటి రోజు ఒక నిమిషం. డబ్బాలో నాలుగు రోజులుండి బయటికొచ్చినప్పుడు అదే బంతితో తొమ్మిది నిమిషాలు! చెప్పులు మాత్రం తలుపున్న అలమరలో పెడుతున్నామని అడుగున రాశాడు.