వేలంలో పాత నగ: తూకమంతా బంగారం కాదు

మంత్రాలయం: తుంగభద్ర పక్కనే పారుతున్నా, నీరందని మెట్ట పొలాలకు ఇక్కడ వానే దిక్కు. వేరుశనగ, పత్తి చేతికి రాని ఏడు ఇంటి నగ తాకట్టుకు చేరుతుంది. గడువులో విడిపించుకోకపోతే అది వేలానికి వస్తుంది.

చవకగా దొరుకుతుందని పాటకు వెళ్లేవారు చూడవలసింది నగ అందం కాదు, అందులోని బంగారం. పాత నగల్లో పైన కెంపులు, లోపల లక్క ఉంటాయి. 40 గ్రాముల అడ్డికలో అవి 5 గ్రాములుంటే మిగిలేది 35. అది 22 క్యారెట్లదైతే మేలిమి 32 గ్రాములే. ఆరు అక్షరాల హాల్‌మార్కు గుర్తు 2021లో వచ్చింది గనుక పాత నగపై సాధారణంగా ఉండదు. నాణ్యత పరీక్ష చీటీ చూసిన తర్వాతే పాట పాడాలి.

నగ పోయిన ఇంటికీ హక్కుంది. రిజర్వు బ్యాంకు 2025లో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, పాట మొదలయ్యే ధర నగ విలువలో 90 శాతానికి తగ్గరాదు. రెండుసార్లు పాట కుదరకపోతే 85 శాతం. బాకీ పోను మిగిలిన సొమ్మును, పాట డబ్బు పూర్తిగా అందిన 7 పనిదినాల్లో తాకట్టు పెట్టినవారికి ఇవ్వాలి.

కొనేవారు తూకం చీటీ, అప్పు తీసుకున్నవారు లెక్క చీటీ అడిగి తీసుకోవలసి ఉంది.