గోపన్న నుండి రామదాసు వరకు

బడిలో రామదాసు కథ చెప్పు ఉపాధ్యాయునికి ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. “పంతులుగారూ, సర్కారు సొమ్ముతో గుడి కట్టించుట తప్పు కాదా?” అని వెనుక బల్లమీది పిల్లవాడు లేచి అడుగును. రామోజీ, లక్ష్మోజీలు వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించిరి గదా యని వానిని కూర్చుండబెట్టుట సులభమే. కాని అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఒక మానవుని అంతరంగమున భగవద్భావము మేల్కొన్నప్పుడు వాని నిత్యవ్యవహారము, వాని ఉద్యోగధర్మము ఏమి కావలెను? గోపన్న జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినది.

కంచెర్ల గోపన్న జన్మస్థానము ఖమ్మమునకు చేరువనున్న నేలకొండపల్లి. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసన మెక్కెను. ఆయన కొలువులో చక్రము త్రిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రతీతి. ఆ ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. పన్ను వసూలు చేయుట, లెక్క వ్రాయించుట, పైకమును గోలకొండ ఖజానాకు పంపుట ఆయన పని.

భద్రగిరి గోదావరి ఒడ్డున అడవి నడుమ నున్న చోటు. తహశీలుదారు రాకకు ముందే అక్కడ ఒక స్త్రీ రాముని కనుగొనియుండెను. పోకల దమ్మక్కకు కల వచ్చినదట. ఆమె పుట్టను వెదకి, గోదావరి నీరు మోసి తెచ్చి పోసి, మన్ను కరగించి, విగ్రహములను వెలికితీసెను. వాటిపై పందిరి వేసి తాటిపండు నివేదన చేసెను. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చునది ఆ నీళ్లు మోయుటయే. కల వచ్చుట కెంత సేపు? పుట్ట కరగుటకు ఎన్ని కడవలు కావలసెనో! ఆమెకు అధికారము లేదు, ఖజానా లేదు, ఉన్నది తాటిపండు. ఆ పందిరి యెదుట నిలిచిన అధికారికి మొదట కలిగినది భక్తి కాదేమో, సిగ్గేమో యని నాకు తోచుచుండును. మేలుకొలుపు చాలమందికి అట్లే వచ్చును. తాను పెద్దగా నెంచుకొన్నది ఒక్కసారిగా చిన్నదై కనిపించును.

తరువాతి కథ తెలిసినదే. చందాలు చాలలేదు. పంట చేతికి రాగానే తిరిగి యిత్తుమని ప్రజలు మాట యిచ్చిరనియు, ఆ నమ్మకముతో గోపన్న శిస్తు పైకమును వెచ్చించెననియు చెప్పుదురు. ఆలయము లేచెను, దేవునికి నగలు వచ్చెను, సుల్తాను అనుమతి మాత్రము లేదు. భక్తి తొలిపొంగులో తనది, పరులది అను గీత చెరిగిపోవును. ఉదారుడు కావలెనను ఆతురతలో ఎవరి సొమ్ముతో ఉదారుడ నగుచున్నానని చూచుకొనువాడు అరుదు. ఆ శిస్తు నిజమునకు సుల్తానుది కూడ కాదు గదా. అది రైతు చెమట.

గోలకొండ కోటలో రామదాసు బందీఖానాను నేటికిని చూడవచ్చును. పైకప్పులోని రంధ్రము నుండి వెలుతురు పడును. గోడపై దేవతామూర్తులు చెక్కబడి యున్నవి. చెర పండ్రెండేండ్లని సంప్రదాయము. అక్కడ పుట్టినవని చెప్పు కీర్తనలలో ప్రశాంతుడైన ఋషిని వెదకినచో నిరాశపడుదుము. ఆయన రామునితో పోట్లాడును. సీతకు, లక్ష్మణునకు, భరతునకు చేయించిన నగలకు ఎంతెంత వ్యయమైనదో లెక్క చెప్పును. తహశీలుదారు బుద్ధి ఎక్కడికి పోవును! నిష్ఠురములాడిన కీర్తన ముగియులోపలనే తన మాటకు తానే నొచ్చుకొని మన్నింపు కోరును. కోపమును, పశ్చాత్తాపమును ఒకే పాటలో దాచక చెప్పుకొనగలుగుట కంటె మేల్కొన్న మనస్సునకు మంచి గురుతు నాకు కనబడలేదు. త్యాగరాజస్వామి తన కృతులలో ఆయనను స్మరించినది ఊరక కాదు.

అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో వెలువడిన గ్రంథమున ఇట్టి పరివర్తనములను విరివిగా పరిశీలించెను. కొందరికి మెరుపువలె, కొందరికి మెల్లమెల్లగా కలుగు ఈ అనుభవముల విలువను అవి పుట్టిన తీరునుబట్టి గాక, వాటి ఫలమునుబట్టి నిర్ణయింపవలెనని ఆయన వాదము. దమ్మక్క కడవ ఆ పరీక్షకు నిలుచును.

పదునారేండ్ల విద్యార్థి ఒక మరణమును చూచియో, ఏటి గట్టున ఒంటరిగా కూర్చుండియో, ఇక చదువేల యని వచ్చినచో ఉపాధ్యాయుడు నవ్వరాదు. మహాత్ముడవని భుజములపై నెత్తుకొనను రాదు. పెద్ద ప్రతిజ్ఞలను కొన్ని నెలలు వాయిదా వేయింపవలెను. నిత్యము చేయు చిన్న పనులను మాత్రము మాననీయరాదు. నిద్రాహారములు మాని, తనకు ఆజ్ఞలు వినవచ్చుచున్నవని చెప్పు పిల్లవానిని మొదట వైద్యుని కడకు తీసికొనిపోవలెను. భక్తికి ఇందువలన లోపమేమియు రాదు.

ఇక వెనుక బల్ల పిల్లవాని ప్రశ్న. జనులు అల్లుకొన్న కథను శ్రద్ధగా వినుడు. బాకీ మాయమయ్యెనని వారు చెప్పలేదు. సుల్తాను మనసు కరగి రద్దు చేసెననియు చెప్పలేదు. సాక్షాత్తు రామలక్ష్మణులే అర్ధరాత్రి వచ్చి పైకము లెక్కగా చెల్లించి, రశీదు పుచ్చుకొనిరని చెప్పిరి. దేవుడైనను ఖజానాకు బాకీ తీర్పవలసినదే! నాటివని చెప్పు రామమాడలు భద్రాచల దేవస్థానమున నున్నవి. గోలకొండ 1687లో ఔరంగజేబు వశమయ్యెను. గోపన్నను బంధించిన తానీషా దౌలతాబాదు కోటలో తానే బందీయై మరణించెను. ఆయన కాలమున మొదలైనదని చెప్పు ముత్యాల తలంబ్రాల ఆచారము నిలిచియున్నది. శ్రీరామనవమి కల్యాణమునకు నేటికిని ప్రభుత్వ పక్షమున అవి భద్రాద్రికి వచ్చుచున్నవి.